ఉద్యోగం మానేసే ముందు

చిట్టీ,

కాన్పు లీవు అయిపోవస్తోంది, ఉద్యోగం మానేయాలో వద్దో తేలక నిద్ర పట్టడం లేదన్నావు. ఫోన్‌లో పొడిపొడిగా చెప్పేకన్నా రాయడమే నయమనిపించింది.

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాను. మీ అమ్మ ఇంటిపట్టునే ఉంది. నన్ను "పిల్లాణ్ణి గాలికొదిలేసింది" అన్నారు. మీ అమ్మని "ఊరికే ఇంట్లో ఉంటుంది" అన్నారు. అన్నవాళ్లు ఒక్కళ్లే! వాళ్ల కోసం ఏదీ తేల్చుకోకు.

నిజానికి నా ఉద్యోగం నడిచింది మా అత్తగారి కాళ్ల మీద. పిల్లాణ్ణి ఆ కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె మర్దనా చేసి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసేవారు. ఉగ్గు తాగించి ఉయ్యాల్లో వేసేసరికి పది దాటేది. ఒకటో తారీఖున జీతం నాకొచ్చేది. ఆవిడకి నేనిచ్చింది సంక్రాంతికి ఓ చీర. నడుం పట్టేసి మంచాన పడ్డాక కూడా "వాడు తిన్నాడా" అనే అడిగేవారు. అదంతా పనేనని ఆవిడ పోయాక గానీ నాకు తట్టలేదు. మీ అత్తగారు చూసుకుంటానంటే ముందు ఆవిడ ఓపిక కనుక్కో. తోడుగా ఆయాని పెట్టు. నెలనెలా ఆవిడ చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టు.

"ఆయా జీతం పోగా నాకు మిగిలేదేముంది పెద్దమ్మా" అన్నావే, ఆ లెక్క నాకు నచ్చలేదు. ఆయా ఖర్చు నీ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నావు? పాప ఇద్దరిదీ కదా. ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి తీసి చూడు.

ఇంకో పని చెయ్యి. ఒక్క రోజు, లేచింది మొదలు పడుకునేదాకా ఎవరేం చేశారో నువ్వూ అల్లుడూ ఓ నోటుబుక్కులో చెరో పేజీలో రాయండి. 2024లో కేంద్రం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లకి దానికే రోజుకి 289 నిమిషాలు పట్టిందని తేలింది. మగవాళ్లకి 88. మీ ఇంట్లో ఎంతో చూద్దాం.

మానేస్తే మాత్రం పీఎఫ్ విత్‌డ్రా చేసి ఇంట్లో సామాన్లు కొనకు. పీఎఫ్‌తో వచ్చే పెన్షన్ రావాలంటే సర్వీసు 10 ఏళ్లుండాలి, నీది 7. పీఎఫ్ ఆఫీసులో స్కీమ్ సర్టిఫికెట్, అంటే నీ సర్వీసు లెక్క రాసిచ్చే కాగితం, తీసుకుంటే ఆ ఏళ్లు పోవు, మళ్లీ చేరినప్పుడు కలుస్తాయి. నీ పేర పీపీఎఫ్ (బ్యాంకులోనో పోస్టాఫీసులోనో తెరిచే పొదుపు ఖాతా) తెరిచి, అల్లుడి జీతం పడిన రోజే అందులో వేయించు. ఏడాదికి లక్షన్నర దాకా వెయ్యొచ్చు. అడుక్కుని తీసుకునే డబ్బు కాదది. అలా అనుకోవడానికి మీ అమ్మకి ఇరవై ఏళ్లు పట్టింది.

కొనసాగితే, 50 మంది, అంతకు పైన ఉన్న ఆఫీసుకి క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని 2017లో చట్టం మార్చారు. రోజుకి నాలుగుసార్లు వెళ్లి పాపని చూసుకోవచ్చు. మెయిల్‌లో అడుగు, నోటిమాటగా కాదు.

శనివారం వస్తున్నాను. ఆ నోటుబుక్కు తీసి ఉంచు, ముందు అల్లుడి పేజీ చూస్తాను.

నీ పెద్దమ్మ