గ్రూపులో లెక్క పెడితే అందరిదీ ఒకటే జవాబు!

ప్రశ్న: పదో తరగతికి వాట్సాప్ గ్రూపు పెట్టాను. సాయంత్రం లెక్క పంపితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు జవాబు ఫొటో పెడతారు. తెల్లారి అందరి నోటుబుక్కుల్లో అదే, కొట్టివేతలతో సహా. గ్రూపు తీసేయమంటారా?
– గణిత ఉపాధ్యాయుడు, నర్సంపేట

జవాబు: గ్రూపు ఉండనివ్వండి సార్, అందరికీ ఒకటే లెక్క ఇవ్వడం మానేయండి. వర్గ సమీకరణాలు చెబుతున్నారనుకుందాం. ‘మూలాల మొత్తం మీ రోల్ నంబరు + 3, లబ్ధం రోల్ నంబరు × 3. సమీకరణం రాసి సూత్రంతో సాధించండి’ అనండి. 12వ నంబరు పిల్లకు మొత్తం 15, లబ్ధం 36, సమీకరణం x² – 15x + 36 = 0. విచక్షణి (మొత్తం వర్గంలోంచి లబ్ధానికి నాలుగు రెట్లు తీసేస్తే వచ్చేది) 225 – 144 = 81, దాని వర్గమూలం 9, మూలాలు 12, 3. అంటే ఎవరికైనా వాళ్ల రోల్ నంబరు, 3 రావాలి. నలభై పుస్తకాలైనా నిలబడే దిద్దేయొచ్చు. చూసి రాసినవాళ్లు వాళ్ల నంబరుతోనే దొరికిపోతారు.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా కనిపిస్తుంది. –12, –3 వచ్చిందంటే, మధ్య పదం –15 కదా, సూత్రంలో దాని ముందున్న మైనస్‌ను మరిచారన్నమాట. 3వ నంబరుకు రెండు మూలాలూ 3 వస్తాయి. విచక్షణి సున్నా అయితే ఏమవుతుందో ఆ పిల్లాడి చేతనే బోర్డు మీద చెప్పించండి. ఒకరిద్దరు కిటుకు పసిగడతారు. మంచిదే, ఎందుకలా వస్తుందో రాయమనండి.

సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే సందేశం పంపేలా మార్చండి. లెక్క మాత్రం చివరి పీరియడ్‌లో బోర్డు మీదే ఇవ్వండి. చాలా ఇళ్లల్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్న జేబులో ఉంటుంది, ఆయన వచ్చేసరికి రాత్రి ఎనిమిది. గ్రూపులోకి వెళ్లాల్సింది మర్నాడు, పుస్తకాలు దిద్దాక, ఎక్కువమంది చేసిన తప్పు మీద రెండు నిమిషాల వాయిస్ మెసేజ్. పోల్ జోలికి పోకండి. ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది, ఫస్టు వచ్చే పిల్ల వెనకే క్లాసంతా నడుస్తుంది.

ప్రశ్న: మా పిలగాడు తొమ్మిదో తరగతి. బడి నుంచి రాంగనే ఫోన్ పడ్తడు. చూసేది లెక్కల వీడియోలే, నేనే చూసిన. మార్కులైతే పెరుగుత లేవు. ఎందుకు?
– ఒక తల్లి, పరకాల

జవాబు: చిన్న పరీక్ష పెట్టండమ్మా. 35ను 35తో గుణిస్తే ఎంతని అడగండి. ‘3ను 4తో గుణించి పక్కన 25 పెట్టు, 1225’ అని టక్కున చెబుతాడు, షార్ట్స్‌లో తిరిగే కిటుకే అది. 36ను 36తో అడగండి. అక్కడ ఆగితే, కిటుకు వచ్చింది గానీ లెక్క రాలేదని అర్థం. 35×35 అంటే ఒక 30×30, రెండు 30×5లు, ఒక 25. ఆ రెండూ కలిస్తే 30×10. అందుకే మొత్తం 30×40, ఆపైన 25. ఇది కాగితం మీద విప్పి రాస్తేనే తలకెక్కుతుంది. పరీక్షలో మార్కులు పడేదీ ఆ మెట్లకే.

చూస్తున్నంతసేపు అంతా వచ్చినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. చదివి, మూసేసి, గుర్తున్నది రాసినవాళ్లు వారం తర్వాత వాళ్లను దాటేశారు.

కాబట్టి రోజుకు ఒక్క పూర్తి పాఠం చాలు. తెలంగాణ ప్రభుత్వ ఛానెల్ టీ-శాట్ విద్యలో తెలుగులో చెప్పే పాఠాలున్నాయి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి. లెక్క తెర మీదికి రాగానే వీడియో ఆపి ముందు తనే చేయాలి, తర్వాతే సార్ చేసింది చూడాలి. అయిపోయాక ఫోన్ మీ దగ్గర పెట్టుకుని తెల్ల కాగితం ఇవ్వండి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు, కాగితం నిండిందా లేదా చూస్తే చాలు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఇంటర్ పీడీఎఫ్‌లు మూడు వందలు దాటాయి. ఏవి చదవాలి?
– విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ పాఠ్యపుస్తకం, పాత ప్రశ్నపత్రాలు. మిగతావి తీసేయమ్మా, ఫోన్‌లో జాగా అయినా మిగులుతుంది. పరీక్షల ముందు ‘లీకైన పేపరు’ అని డబ్బులడిగే ఛానెల్ కనిపిస్తే పైసా పంపకు, వెంటనే బయటికి వచ్చి ఇంట్లో చెప్పు.