టోటల్ నువ్వు చెప్పకు, ఆర్డర్‌నే లెక్క కట్టనీ

విజయనగరం

అమ్మలూ,

నువ్వు పంపిన ఆర్‌స్పెక్ ఫైలు (రూబీ ప్రోగ్రామ్‌కి రాసిన టెస్టులు) రాత్రి కూర్చుని మొత్తం చదివాను. టెస్టుల పేర్లు చక్కగా పెట్టావు. కానీ ‘అలౌ(ఆర్డర్).టు రిసీవ్(:టోటల్).అండ్_రిటర్న్(5000)’ అన్న లైను దగ్గర ఆగిపోయాను. అంటే టోటల్ అడిగితే లెక్క కట్టకుండా 5000 అనేయమని ఆర్డర్‌కి చెప్పడం. మనం పరీక్ష పెట్టింది ఆర్డర్‌కే కదా. జవాబు దాని నోట్లో మనమే పెట్టేస్తే ఇంక పరీక్ష ఎవరికి?

నేనూ ఈ తప్పు చేశాను. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి కొనుగోలు బిల్లుల ప్రోగ్రామ్ రాశాను. అక్కడ జీడిపిక్కలు 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. లక్ష దాటిన బిల్లుకి ఓనరు సంతకం కావాలి. ఆ ఒక్క షరతూ చూడ్డానికి టోటల్‌ని స్టబ్ చేసేశాను, అంటే నీలాగే జవాబు ముందే రాసిచ్చేశాను. తర్వాత బరువు కిలోల్లో ఎక్కించేలా మార్చాను గానీ, రేటు మాత్రం బస్తాకే ఉండిపోయింది. టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి, అంటే పాసయ్యాయి. మర్నాడు పది బస్తాలు తెచ్చిన రైతుకి లక్షా అరవై వేలకి బదులు కోటీ ఇరవై ఎనిమిది లక్షల బిల్లు వచ్చింది. ఆయన ఆ కాగితం పట్టుకుని నిలబడ్డ తీరు నాకింకా కళ్లముందే ఉంది.

స్టబ్‌లని సరిచూసే ‘వెరిఫై_పార్షియల్_డబుల్స్’ సెట్టింగు ఆన్‌లో ఉందిగా అంటావేమో. అది మెథడ్ ఉందా, ఆర్గ్యుమెంట్లు సరిపోయాయా అనే చూస్తుంది. లెక్క తప్పితే దానికి తెలియదు.

అందుకని ఆర్డర్‌కి నిజమైన సరుకే ఇవ్వు: రెండు వస్తువులు, ఒక్కోటి 2500. టోటల్ అదే కట్టుకుంటుంది. అలా ఇవ్వడానికి పది లైన్లు పడుతోందంటే, ఆ క్లాసు మోయాల్సిన దానికంటే ఎక్కువ మోస్తోందన్నమాట. పన్ను లెక్క విడదీసి వేరే క్లాసులో పెట్టు, దాన్ని ఆర్డర్‌కి బయట నుంచి అందించు. అప్పుడు దాని స్థానంలో ‘ఇన్‌స్టన్స్_డబుల్’ (ఆ క్లాసు మెథడ్లకే జవాబిచ్చే ఉత్తుత్తి ఆబ్జెక్టు) పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పేమెంట్ గేట్‌వే, ఎస్ఎంఎస్ లాంటివి స్టబ్ చెయ్యాల్సిందే. అవి ఆర్డర్ పక్కన ఉండేవి, ఆర్డర్ కాదు.

మార్చాక టోటల్‌లో కావాలని ఒక తప్పు పెట్టి రన్ చెయ్యి. టెస్టు ఎర్రబడాలి, అంటే ఫెయిలవ్వాలి. పడకపోతే నాకు ఫోన్ చెయ్యి, టెన్షన్ పడకు.

ఆదివారం శ్రీకాకుళం వస్తున్నాను. మిగతా మూడు టెస్టులూ కలిసి మారుద్దాం, అక్కకి చెప్పు.

నీ
మావయ్య