కొలెస్టియటోమాకు ఆపరేషన్ తప్పదా?
మధ్యచెవిలో కొలెస్టియటోమా ఉన్నదని తేలినప్పుడు మందులతో నయం కాదా, ఆపరేషన్ తప్పనిసరా అన్నది ప్రశ్న. పేరులో కొలెస్టరాల్ ధ్వనించినా దానితో దీనికి సంబంధం లేదు. ఇది క్యాన్సరూ కాదు. సాధారణంగా కర్ణభేరి లోపలికి కుంగి ఏర్పడిన సంచిలో చర్మపు పొరలు రాలి పేరుకుపోతూ, చుట్టూ ఉన్న ఎముకను క్రమంగా తినివేస్తాయి. చుక్కల మందు చీమును తగ్గించగలదే గాని సంచిని తొలగించలేదు కనుక, మత్తుమందును తట్టుకోగలవారికి శస్త్రచికిత్సే మార్గం.

అందులో మొదటి లక్ష్యం వ్యాధిని సమూలంగా తీసివేసి చెవిని పొడిగా, సురక్షితంగా ఉంచడం. వినికిడిది రెండో స్థానమే, ఈ వరుసను రోగికి ముందే చెప్పడం మంచిది. సాధారణంగా చెవి వెనుక ఉన్న మాస్టాయిడ్ ఎముకను డ్రిల్లుతో తొలిచి, ముఖ కండరాలను కదిలించే ముఖనాడికి దెబ్బ తగలకుండా సంచిని ఒలిచి తీస్తారు. చెవి కాలువ వెనుక గోడను నిలిపి ఉంచితే చెవి సహజరూపం దక్కుతుంది, కాని వ్యాధి తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ కనుక, సుమారు 9 నుంచి 12 నెలల తరువాత రెండో ఆపరేషన్‌తో గాని, డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ. అనే స్కానుతో గాని పరిశీలిస్తారు. గోడను తొలగిస్తే ఆ భయం తగ్గుతుంది. బదులుగా ఏర్పడిన గుంతను ఏళ్ల తరబడి శుభ్రం చేయించుకోవాలి, నీరు చేరనీయకూడదు. మధ్యచెవిలో శబ్దాన్ని లోపలికి చేరవేసే చిన్న ఎముకలు అరిగిపోయి ఉంటే, వాటి స్థానంలో టైటానియం వంటి కృత్రిమ ఎముకను అప్పుడే గాని, రెండో విడతలో గాని అమర్చవచ్చు.