పీఎంఎన్-పీటీ పలకను పలచన చేస్తే డి33 ఎందుకు పడిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒకే దిమ్మెలోంచి కోసిన రెండు పీఎంఎన్-పీటీ (నొక్కితే ఆవేశం, వోల్టేజీ ఇస్తే సాగుదల ఇచ్చే పీజోఎలక్ట్రిక్ క్రిస్టల్) పలకల్లో అర మిల్లీమీటరు మందమున్నది బాగానే ఉంది, 0.1 మిల్లీమీటరుకు సానబట్టినదాని డి33 (ఒక్కో న్యూటన్ బలంతో నొక్కితే ఎంత ఆవేశం పుడుతుందో చెప్పే అంకె) మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. డి33 పదార్థానికి సంబంధించిన గుణం కదా, మందంతో మారడమేంటి అని.

ఎంటెక్ ప్రాజెక్టులో నేను సరిగ్గా ఇక్కడే రెండు నెలలు ఇరుక్కుపోయాను. అల్ట్రాసౌండ్ ట్రాన్స్‌డ్యూసర్ కోసం పలచని పలక కావాల్సి వచ్చింది. క్రిస్టలే నాసిరకమనుకున్నాను. కాదు.

సూత్రం వరకు మీరన్నదే నిజం. నొక్కితే పుట్టే ఆవేశం డి33ని బలంతో గుణిస్తే వస్తుంది, వోల్టేజీ ఇస్తే వచ్చే సాగుదల డి33ని వోల్టేజీతో గుణిస్తే వస్తుంది. రెండింట్లోనూ మందం ఊసే లేదు. మందం తగ్గితే పెరగాల్సినవి కెపాసిటెన్స్ (ఆవేశాన్ని నిలవ ఉంచుకునే సామర్థ్యం), రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ (పలక సహజంగా కంపించే వేగం). ఏటీ-కట్ (ఒక నిర్దిష్ట కోణంలో కోసిన) క్వార్ట్జ్‌లో ఈ ఫ్రీక్వెన్సీ లెక్క ఎంత చక్కగా కుదురుతుందంటే, 1.66ను మిల్లీమీటర్లలో ఉన్న మందంతో భాగిస్తే మెగాహెర్ట్జ్ వచ్చేస్తుంది. 10 మెగాహెర్ట్జ్ కావాలంటే 0.166 మిల్లీమీటర్లు. కానీ క్వార్ట్జ్‌లో తిరగబడే విద్యుత్ డొమైన్లు (ఒకే విద్యుత్ దిశ ఉన్న చిన్న చిన్న ప్రాంతాలు) లేవు, దానికి పోలింగ్, అంటే వోల్టేజీతో ఆ డొమైన్లను ఒకే దిశకు తిప్పడం, అక్కర్లేదు. పీఎంఎన్-పీటీ అలా కాదు. 1997లో పార్క్, శ్రౌట్ అనే పరిశోధకులు ఈ కుటుంబపు క్రిస్టల్స్‌లో 2000 పికోకూలంబ్/న్యూటన్ దాటిన విలువలు చూపించారు. ఎక్కువగా వాడే పీజోఎలక్ట్రిక్ పదార్థమైన మామూలు పీజడ్‌టీ సిరామిక్‌లో కొన్ని వందలే వస్తాయి. ఆ పెద్ద అంకె డొమైన్లు పద్ధతిగా అమరి ఉన్నంతసేపే ఉంటుంది.

సానబట్టినప్పుడు పొడి రేణువులు క్రిస్టల్ పైపొరను గీరేస్తాయి. కంటికి కనిపించేది గీతే అయినా, దాని కింద సన్నని పగుళ్లు, ఒత్తిడి లోపలికి దిగి ఉంటాయి. ఆ పొరలో డొమైన్లు కదలవు, పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే గుణం) కూడా తగ్గిపోతుంది. అది తక్కువైన పొర వోల్టేజీలో ఎక్కువ వాటా లాగేసుకుంటుంది. బత్తాయిని తలుచుకోండి: కాయ చిన్నదైనంత మాత్రాన తొక్క పలచబడదు. ఒక్కో వైపు 5 మైక్రాన్ల చెడిన పొర ఉందనుకోండి, దాని పర్మిటివిటీ లోపలిదాంట్లో పదోవంతు అనుకోండి. 500 మైక్రాన్ల పలకలో మీరిచ్చే వోల్టేజీలో 17 శాతం ఆ తొక్క మీదే పోతుంది. 100 మైక్రాన్ల పలకలో 53 శాతం. 50 మైక్రాన్లకు వచ్చేసరికి 71 శాతం! అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవే, కానీ పలచనయ్యేకొద్దీ దెబ్బ ఎంత త్వరగా పెరుగుతుందో చూడండి.

మా ల్యాబ్‌లో నా పలకను మైక్రోస్కోప్ కింద పెట్టి పక్కనుంచి లైటు వేస్తే ఉపరితలమంతా సన్నని గీతల అల్లిక కనిపించింది. ముతక పొడితోనే చివరిదాకా రుద్దేశాను మరి. తర్వాతి పలకను 9 మైక్రాన్ల అల్యూమినాతో మొదలుపెట్టి, 3, ఆపైన 1కి దిగాను. ప్రతి దశలోనూ అంతకుముందు పొడి చేసిన గాయం పూర్తిగా పోయేదాకా ఓపిగ్గా రుద్దాను. డి33 మందపాటి పలకకు దగ్గరగా వచ్చింది. ఆ రోజు ఎంత సంతోషించానో ఇప్పటికీ గుర్తుంది.

మరొకటి, వేడి. పలకను గాజు మీద మైనంతో అంటిస్తాం కదా, ఆ మైనం కరిగే వేడి ఒక్కోసారి ఈ క్రిస్టల్ రాంబోహెడ్రల్ నుంచి టెట్రాగోనల్‌కు (ఒక అణు అమరిక నుంచి మరోదానికి) మారే ఉష్ణోగ్రతను తాకుతుంది. పీటీ (లెడ్ టైటనేట్) పాలును బట్టి అది 100 డిగ్రీల లోపే ఉంటుంది. అది దాటితే పాత పోలింగ్‌ను నమ్మలేం. అందుకే సానబట్టాక మళ్లీ పోల్ చేయాల్సిందే. వైర్లు సోల్డర్ చేయొద్దు, గది వేడిలోనే గట్టిపడే వెండి ఎపాక్సీ వాడండి.

పోలింగ్‌లో వోల్టులు చూడకండి, క్షేత్రం (వోల్టేజీని మందంతో భాగిస్తే వచ్చేది) చూడండి. సెంటీమీటరుకు 5 కిలోవోల్టులంటే అర మిల్లీమీటరు పలకకు 250 వోల్టులు, 0.1 మిల్లీమీటరుకు 50 మాత్రమే. నేను పాత సెట్టింగే ఉంచేశాను, పలక మూల నుంచి చీలిపోయింది. వాడేటప్పుడూ అంతే. దీని కోయెర్సివ్ ఫీల్డ్ (డొమైన్లను తిరగదిప్పేసే ఎదురు క్షేత్రం) సెంటీమీటరుకు 2-3 కిలోవోల్టులే కాబట్టి, మందపాటి పలక మీద నిరపాయంగా ఉన్న 25 వోల్టులు ఎదురు దిశలో పడితే మీ పలచని పలక డీపోల్ కావచ్చు.

కొలతను కూడా అనుమానించండి. పలచగా, వెడల్పుగా ఉన్న పలక డి33 మీటర్ దవడల మధ్య కాస్త వంగుతుంది, అంకె తప్పుతుంది. కొలిచే మొనలు చిన్నవిగా, ఎదురెదురుగా ఉండాలి. పక్కనే ఇంపిడెన్స్ అనలైజర్‌లో కెపాసిటెన్స్, రెజొనెన్స్ కూడా చూడండి. అదే వైశాల్యంలో అయిదో వంతు మందానికి కెపాసిటెన్స్ అయిదు రెట్లు కాకుండా బాగా తక్కువగా వస్తే, అపరాధి దాదాపుగా తొక్కే. కప్లింగ్‌ను (విద్యుత్ శక్తి, యాంత్రిక శక్తి ఒకదాన్నొకటి ఎంత బాగా మార్చుకుంటాయో చెప్పే అంకె) మాత్రం కడ్డీ విలువతో పోల్చకండి. కడ్డీలో 0.9 వచ్చే క్రిస్టలే పలకగా చేస్తే పక్కల బిగింపు వల్ల 0.6 దగ్గర ఉంటుంది, అది లోపం కాదు.

మీరు ఏ పొడితో ముగించారో, మైనం ఎంత వేడిలో కరిగించారో, సానబట్టాక మళ్లీ పోల్ చేశారో లేదో రాయండి. కెపాసిటెన్స్ అంకెలు కూడా పెడితే కచ్చితంగా ఎక్కడ పోయిందో కలిసి వెతుకుదాం.