మదామ్ బొవారీ, లోన్ యాప్‌లు

"ఎప్పుడో రాసిన క్లాసిక్ నవలలు చదివితే ఇప్పటి వార్తలు అర్థమవుతాయా?" అని అడిగారు. నా వరకు ఒక నవల లోన్ యాప్‌ల గొడవని బాగా అర్థం చేయించింది.

ఫ్రెంచ్ రచయిత ఫ్లోబేర్ రాసిన 'మదామ్ బొవారీ' 1857లో పుస్తకంగా వచ్చింది. పెళ్లయిన ఆవిడ ప్రేమ వ్యవహారాల కథగానే దానికి పేరు. నీతికి విరుద్ధమని కేసు కూడా నడిచింది. నేను చదివేనాటికి క్రెడిట్ కార్డు బకాయిలు వసూలు చేసే ఆఫీసులో ఫోన్లు చేసే ఉద్యోగం నాది. అందుకేనేమో, ప్రియుల కంటే లెరో అనే బట్టల వ్యాపారి మీదే నా కళ్లు నిలిచాయి.

వాడి పనితనం చూడండి. మొదటిసారి ఇంటికొచ్చి స్కార్ఫులు పరిచి చూపిస్తాడు. కథానాయిక ఎమ్మా ఏమీ కొనదు. అయినా నొచ్చుకోడు. డబ్బుకి తొందరేం లేదు, అవసరమైతే నేనే సర్దుతానంటాడు. వాడి అసలు సరుకు ఆ మాటే. తర్వాత అప్పు మీద అప్పు. గడువు దాటితే మన ఊళ్లలోలాగే నోటు తిరగరాయడం. చివరికి 24 గంటల్లో 8,000 ఫ్రాంకులు కట్టమని కోర్టు కాగితం వస్తుంది. ఎమ్మా పరుగెత్తుకెళ్తే, నోట్లు వేరేవాడి చేతికి వెళ్లిపోయాయి, నేనేం చెయ్యలేనంటాడు. మేం రోజూ చెప్పిందీ అదే: "మేం ఏజెన్సీ వాళ్లం సార్, మా చేతుల్లో ఏమీ లేదు."

2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపుల వల్ల తెలంగాణలో ఆత్మహత్యలు జరిగినప్పుడు, "తీసుకునే ముందు లెక్క చూసుకోవద్దా?" అని చాలామంది అన్నారు. ఎమ్మా అప్పుడప్పుడు లెక్క వేస్తుంది. వచ్చిన అంకెని నమ్మలేక మళ్లీ మొదలుపెట్టి, తికమకపడి వదిలేస్తుంది. నాతో మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది మొత్తం బాకీ ఎంతని అడిగేవాళ్లు కాదు. "ఈ నెల మినిమమ్ ఎంత?" అనేవాళ్లు. వాళ్లకి తెలివి లేక కాదు, ఆ అంకె వినాలంటే టెన్షన్.

మొత్తం ఖర్చుని వార్షిక రేటుగా ముందే చూపించాలని రిజర్వ్ బ్యాంకు 2022లో డిజిటల్ అప్పులకి నియమం పెట్టింది. మంచిదే. కానీ చూడటానికే భయపడే మనిషికి అదెంత పనికొస్తుందో నాకు అనుమానమే.

చదవాలనుకుంటే కాస్త ఓపిక పట్టండి. లెరో రెండో భాగంలో గానీ రాడు.