డాక్టర్ సలహా: తామరకు క్రీమ్ రాస్తే తగ్గుతోంది, మానేస్తే మళ్లీ వస్తోంది.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 36. ఆరు నెలలుగా గజ్జల్లో, తొడల లోపలి వైపు తామర ఉంది. మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీమ్ ఇచ్చారు. రాసిన రెండు మూడు రోజులకే దురద పోతుంది. మానేసిన వారానికల్లా మళ్లీ మొదలవుతుంది, అదీ ముందుకంటే పెద్దగా. ఇలా చాలా ట్యూబులు అయిపోయాయి. ఇప్పుడు నా భార్యకు నడుము దగ్గర వచ్చింది. మా ఐదేళ్ల పాపకు తలలో ఒకచోట వెంట్రుకలు ఊడి పొట్టు రాలుతుంటే అదే క్రీమ్ రాస్తున్నాం. బరువు పెరిగినందుకేమో, నా తొడల మీద ఎర్రటి చారలు కూడా వచ్చాయి. ఇంతకంటే పవర్ ఉన్న క్రీమ్ ఏదైనా చెప్పండి. తగ్గినచోట పడిన నల్ల మచ్చలకు ఏం రాయాలి?
- ఒక పాఠకుడు

జవాబు: పవర్ ఉన్న క్రీమ్ సంగతి తర్వాత. మీరు మాటవరసకు రాసిన రెండు విషయాలే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. ఒకటి మీ తొడల మీద చారలు, రెండోది పాప తల.

ముందు పాప గురించి. తలలో వెంట్రుకలు ఊడి, పొట్టు లేస్తోందంటే, ఇంట్లో మరో ఇద్దరికి తామర ఉందంటే, అది తలకు వచ్చిన తామర కావచ్చు. చూడకుండా కచ్చితంగా చెప్పలేను. పేనుకొరుకుడు లాంటివీ ఉంటాయి, కానీ అందులో మామూలుగా పొట్టు రాలదు. తామర తెచ్చేది ఫంగస్ (శిలీంధ్రం). తలలో అది వెంట్రుక లోపలికి, దాని కుదురు వరకూ దిగిపోతుంది. పైన రాసే క్రీమ్ అంత లోతుకు వెళ్లదు. పిల్ల బరువును బట్టి డోసు లెక్కగట్టి కొన్ని వారాలు మందు నోటి ద్వారా ఇవ్వాల్సి వస్తుంది. ఆలస్యం చేస్తే కొందరు పిల్లల్లో అక్కడ మెత్తగా వాచి, చీము పట్టి, మానాక కూడా ఆ చోట వెంట్రుకలు రావు. క్రీమ్ ఈరోజే ఆపి, ఈ వారంలోనే చర్మ వైద్యులకు చూపించండి. ఇది వాయిదా వేసే పని కాదండీ.

ఇక మీ క్రీమ్. ట్యూబు పేరు మీరు రాయలేదు. కానీ రెండు మూడు రోజుల్లో దురద మాయం కావడం, మానగానే తిరగబెట్టడం, ప్రతిసారీ ఇంకాస్త వెడల్పుగా పాకడం, చారలు... ఇవన్నీ చదివాక అందులో స్టెరాయిడ్ ఉందనే నా అనుమానం. ట్యూబు తిప్పి చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడే. పక్కనే క్లోట్రిమజోల్, మైకోనజోల్ అని ఫంగస్ మందు పేరు, నియోమైసిన్, జెంటామైసిన్ అని యాంటీబయోటిక్ పేరు కూడా ఉండొచ్చు. మూడూ కలిపారు కాబట్టి మూడింతలు పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. తామరకు ఇలాంటి మిశ్రమం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఎందుకంటే, ఫంగస్ బతికేది చర్మం పైపొరలోని కెరాటిన్ అనే ప్రోటీన్ తిని. ఎర్రబడటం, దురద అనేవి దాన్ని తరిమేయడానికి మన ఒళ్లు చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీసినట్టే. మీకు హాయిగా ఉంటుంది, అది లోపల పాకుతూ ఉంటుంది. మామూలుగా తామరకు గుండ్రంగా, అంచు కాస్త ఉబ్బి, పొలుసులతో, మధ్యలో తేటగా ఉండే రూపం ఉంటుంది. స్టెరాయిడ్ రాస్తే ఆ అంచు చెదిరిపోతుంది. డాక్టర్ కూడా ఇది సోరియాసిస్సో ఎగ్జిమానో అని పొరబడే అవకాశం ఉంది. దీనికి 1968లోనే ‘టినియా ఇన్‌కాగ్నిటో’, అంటే మారువేషంలో ఉన్న తామర అని పేరు పెట్టారు. కాబట్టి ఇది కొత్త సమస్యేం కాదు. అయినా ఇప్పటికీ చాలామంది మా దగ్గరికి వచ్చేది ఇలాంటి ట్యూబులు అయిపోయాకే.

ఆ చారలు బరువు వల్ల కూడా రావచ్చు, కాదనను. కానీ క్రీమ్ రాసినచోటే, తొడ మడతల్లోనే వచ్చి ఉంటే నేను ముందు స్టెరాయిడ్‌నే అనుమానిస్తాను. గజ్జల్లో చర్మం పలచన, పైగా మడత, చెమట. మందు ఎక్కువగా ఇంకుతుంది. ఈ చారలు కాలం గడిచేకొద్దీ రంగు తగ్గి తెల్లబడతాయి తప్ప పూర్తిగా పోవు. అందుకే ఇప్పుడైనా ఆపాలంటున్నాను.

ఆపగానే మొదట కొన్ని రోజులు దురద, ఎరుపు పెరగొచ్చు. అది చూసి భయపడి మళ్లీ అదే ట్యూబు తీయకండి. దురద తగ్గడానికి మాత్రలు ఉన్నాయి, డాక్టర్ రాస్తారు. అయితే నెలల తరబడి ఒంట్లో పెద్ద భాగానికి రాస్తున్నవాళ్లు, రాస్తున్నప్పుడో ఆపాకో నీరసం, కళ్లు తిరగడం లాంటివి ఉన్నవాళ్లు సొంతంగా నిర్ణయం తీసుకోకుండా డాక్టర్‌తో మాట్లాడాలి.

స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీములు చాలామందికి బాగానే పనిచేస్తాయి. చిన్న మచ్చ, కొత్తగా వచ్చింది అయితే క్లోట్రిమజోల్ 1 శాతం రోజుకు రెండుసార్లు రెండు నుంచి నాలుగు వారాలు వాడటం మామూలు పద్ధతి. టెర్బినాఫిన్, లూలికొనజోల్‌కు అంతకంటే తక్కువ రోజులు చాలొచ్చు. ట్యూబు మీద, డాక్టర్ చీటీ మీద ఎన్ని రోజులు రాయమని ఉంటే అన్ని రోజులూ రాయాలి. దురద పోయిందని ఆపడమే అందరూ చేసే తప్పు. దురద పోయాక కూడా ఫంగస్ ఉంటుంది. మచ్చ పూర్తిగా పోయాక కూడా మరో వారం రెండు వారాలు రాయమని మేం చెప్పేది అందుకే.

రాసే తీరు కూడా చాలామందికి ఎవరూ చెప్పరు. స్నానం చేశాక మడతలు పూర్తిగా ఆరేలా తుడుచుకోండి. తడి మీద రాయకండి. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులోనే కాబట్టి కనిపించే మచ్చకు చుట్టూ రెండు సెంటీమీటర్లు దాటి, బయటి నుంచి లోపలికి రాయండి. తర్వాత చేతులు కడుక్కోండి. మంట, బొబ్బలు వస్తే ఆపేసి చూపించుకోండి.

మీ విషయంలో మాత్రం క్రీమ్ ఒక్కటే సరిపోతుందని నాకు అనిపించడం లేదు. ఆరు నెలలు, స్టెరాయిడ్ అనుమానం, ఇంట్లో ముగ్గురు. పైగా 2020లో కొత్తగా గుర్తించి పేరు పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ టెర్బినాఫిన్‌కు చాలాసార్లు లొంగడం లేదు. మచ్చ అంచు నుంచి పొలుసు గీకి మైక్రోస్కోపులో చూసే చిన్న పరీక్ష ఉంది, అవసరమైతే ల్యాబ్‌లో ఆ ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షకూ పంపుతారు. ఫంగస్ క్రీమ్ రాసుకుని వెళ్తే ఫంగస్ ఉన్నా పరీక్షలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఎన్ని రోజుల ముందు ఆపాలో ఫోన్ చేసి అడగండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి, ఖాళీవైనా సరే.

మాత్రలు అవసరమని చెబితే, వాటినీ షాపులో అడిగి తెచ్చుకోకండి. ఇట్రాకొనజోల్ కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే ప్రమాదం, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు పనికిరాదు. లివర్ పరీక్ష అవసరమా కాదా డాక్టర్ చూస్తారు. మీ భార్య గర్భవతి అయితే, లేదా ఆ ఆలోచనలో ఉంటే, మాత్ర రాయకముందే చెప్పాలి. ముగ్గురికీ ఒకేసారి వైద్యం జరగకపోతే మందు ఎంత మంచిదైనా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. తువ్వాళ్లు వేరు చేయండి, లోదుస్తులు రోజూ మార్చి వేడి నీళ్లలో ఉతకండి. మీ కాలివేళ్ల సందులు చూసుకోండి, అక్కడ తెల్లగా నానినట్టు ఉంటే గజ్జల్లోకి వచ్చింది అక్కడి నుంచే కావచ్చు. అలా ఉంటే ముందు సాక్సు వేసుకుని ఆ తర్వాతే లోదుస్తులు తొడుక్కోండి. ఇంత కాలంగా తగ్గడం లేదు కాబట్టి షుగర్ కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

నల్ల మచ్చలంటారా, వాపు తగ్గాక చర్మం వదిలే రంగు అది. మందు చెప్పినన్ని రోజులూ వాడాక పొలుసు, దురద, ఉబ్బిన అంచు లేకపోతే అక్కడ ఫంగస్ లేనట్టే లెక్క. ఏమీ రాయకండి. నెలలు పడుతుంది గానీ తనంతట తానే పలచబడుతుంది. మచ్చలు పోగొడతామనే క్రీముల్లోనూ కొన్నిటిలో మళ్లీ ఆ స్టెరాయిడే ఉంటుంది.