సంచిలో వంతలు కూడా ఉండాలి

అమ్మడూ,

నీ లిస్టు అందింది. నలభై రెండు టెక్నో రికార్డులు, అంతా డ్యాన్స్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ సంగీతమే, పక్కన ధర, బెర్లిన్‌లో ఏ షాపులో ఉందో కూడా రాశావు. రాత్రి భోజనాలయ్యాక బేస్‌మెంట్‌లో కూర్చుని, నా దగ్గర ఉన్నవి తీసి మళ్లీ విన్నాను, లేనివి ఫోన్లో విన్నాను. ఒక్కటి కూడా చెడ్డది లేదు. అయినా సరే, ఇవి మాత్రమే కొనుక్కుంటే నువ్వు మిక్స్ చెయ్యలేవు, అంటే దరువు ఆగకుండా ఒక రికార్డులోంచి ఇంకోదాంట్లోకి వెళ్లలేవు. ఆ సంగతి ముందే చెప్పకపోతే నీ పార్ట్‌టైమ్ డబ్బులన్నీ అటే పోతాయని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

తెనాలిలో నా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో బుర్రకథ చెప్పేవాళ్లు. నువ్వు హైదరాబాద్‌లో పెరిగావు కాబట్టి చూశావో లేదో. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు. జనం చూసేది కథకుడినే, కానీ అతను ఊపిరి తీసుకునే సందులో కథ కింద పడకుండా పట్టుకునేది ఆ ఇద్దరే. టెక్నో రికార్డులూ అంతే. కొన్ని కథకులు, కొన్ని వంతలు. 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్', 'జాగ్వార్', 'బిగ్ ఫన్', 'ఎనర్జీ ఫ్లాష్'... నీ లిస్టు మొత్తం కథకులే. ఇద్దరు కథకుల్ని ఒకేసారి మాట్లాడనిస్తే ఎవరి మాటా వినపడదు. రెండు శ్రావ్యమైన రికార్డులు ఒకదానిమీద ఒకటి వేసినప్పుడు వచ్చే గోల అదే, నువ్వు పంపిన ఆడియోలో మూడో నిమిషంలో జరిగింది కూడా అదే. నీ బీట్ కలిసింది, చెయ్యి బాగానే ఉంది. రికార్డులే కలవలేదు.

అందుకని లెక్క ఇలా పెట్టుకో: పది కొంటే ఏడు వంతలు, మూడు కథకులు. మొదటి ఏడాదికి మొత్తం ముప్ఫై చాలు.

వంతల్లో మొదట కొనాల్సింది రాబర్ట్ హుడ్ 'మినిమల్ నేషన్'. 1994లో వచ్చింది, తర్వాత మళ్లీ ప్రెస్ చేశారు, కాబట్టి పాత కాపీ కోసం వెతుక్కోవద్దు. కిక్ అనే కింది డ్రమ్ము దెబ్బ, హైహ్యాట్ అనే తాళాల చప్పుడు, ఒక చిన్న సింథ్ ముక్క, అంతే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఏమీ జరగనట్టే అనిపించింది. ఒక నెల పోయాక అర్థమైంది, అందులో ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఇంకో రికార్డు కూర్చుంటుంది అని. అందులో 'మ్యూజియమ్' వేసి, పైన నీకిష్టమైన ఏ పాటైనా నెమ్మదిగా తీసుకురా, రెండింటికీ చోటు ఎలా దొరుకుతుందో నువ్వే చూస్తావు. అదే ఏడాది ట్రెజార్ లేబుల్ (రికార్డులు విడుదల చేసే కంపెనీ) మీద వచ్చిన అతని 'ఇంటర్నల్ ఎంపైర్' కూడా తీసుకో. ఆ రెండింటితోనే ఒక గంట నడపగలిగితే సగం విద్య వచ్చినట్టే.

రెండోది జెఫ్ మిల్స్. 'ది బెల్స్' నీ లిస్టులో ఉంది, ఉండనీ, అది లేని సంచి నేను చూడలేదు. కానీ నీకు అంతకంటే ఎక్కువ పనికొచ్చేది 1994లో యాక్సిస్ లేబుల్ మీద వచ్చిన 'సైకిల్ 30'. అందులో ఒక పక్క లాక్డ్ గ్రూవ్‌లు ఉంటాయి. అంటే గాడి లోపలికి పోకుండా తన తోక తానే పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది, నువ్వు నీడిల్ ఎత్తేదాకా అదే చుట్టు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది, ఆ చుట్టులో నాలుగు దెబ్బలు పడితే నిమిషానికి 133.33 బీట్లు. పిచ్ (వేగం మార్చే మీట) సున్నా దగ్గర పెడితే అంతకు ఒక్క వీసం కూడా అటూ ఇటూ పోదు. బీట్ కలపడం, అంటే రెండు రికార్డుల దరువుల్ని ఒకే వేగంలో నడపడం, నేర్చుకోవడానికి ఇంతకంటే ఓపికగల గురువు దొరకదు: ఒక ప్లేటు మీద లాక్డ్ గ్రూవ్ తిరుగుతుంటే, రెండో ప్లేటు మీద వేరే రికార్డు పెట్టి గంటసేపు సాధన చెయ్యి, ఇంట్రో అయిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు.

ఇలాంటి గాళ్లు కోసిన ఆయన పేరు రాన్ మర్ఫీ. ఇక్కడ డెట్రాయిట్‌లోనే నేషనల్ సౌండ్ కార్పొరేషన్ అని రికార్డుల మీద గాళ్లు కోసే స్టూడియో నడిపేవాడు, 2008లో పోయాడు. పాత డెట్రాయిట్ రికార్డు చేతికొస్తే లేబుల్ పక్కన ఖాళీగా ఉండే నల్లటి అంచుని వెలుతురులో వంచి చూడు, ఎన్ఎస్‌సీ అని చేత్తో గీసిన అక్షరాలు కనిపిస్తాయి. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే డెట్రాయిట్ బృందం రికార్డుల మీదైతే చిన్న చిన్న మాటలు కూడా చెక్కి ఉంటాయి. నాకు ఇప్పటికీ కొత్త రికార్డు రాగానే ముందు అదే చూసే అలవాటు.

ఇక నువ్వున్న ఊరి సంగతి. బెర్లిన్‌లో ఉండి బేసిక్ ఛానల్ రికార్డు ఒక్కటి కూడా రాయలేదేమిటి? మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్, మార్క్ ఎర్నెస్టస్ కలిసి 1993లో మొదలుపెట్టిన లేబుల్ అది. ఎర్నెస్టస్ 1989లో తెరిచిన హార్డ్ వాక్స్ షాపే నీ లిస్టులో సగం రికార్డుల పక్కన రాసి ఉంది! 'ఫిలిప్స్ ట్రాక్' వెయ్యి, 'క్వాడ్రంట్ డబ్' వెయ్యి. ఇవి వంతా కాదు, కథకుడూ కాదు, గదిలో వేసిన సాంబ్రాణి పొగలాంటివి. 'క్వాడ్రంట్ డబ్' ఒక పక్కే పదిహేను నిమిషాలు దాటుతుంది. ఒక హెచ్చరిక: ఒక పక్కలో ఎంత ఎక్కువసేపు ఇరికిస్తే గాళ్లు అంత సన్నం అవుతాయి, శబ్దం అంత తగ్గుతుంది, కాబట్టి అలాంటివి వేసేటప్పుడు మిక్సర్‌లో గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం స్థాయి) కొంచెం పెంచుకోవాలి. మిక్సర్ మీద మీటర్ చూడకుండా ఫేడర్ (శబ్దం పెంచే మీట) ఎత్తితే హాలంతా ఒక్కసారి డల్ అయిపోతుంది.

ఇప్పుడు నీ కథకుల్లో ఏవి ఉంచాలో చెప్తాను. 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' 1987లో ట్రాన్స్‌మాట్ మీద వచ్చింది, దాంట్లో బేస్ లైనే, అంటే కింద నడిచే మంద్ర స్వరాల వరసే, లేదు, తెలుసా? కాబట్టి కింద బేస్ ఉన్న వంతని నడుపుతూ పైన దీన్ని తెస్తే రెండూ అతుక్కుపోతాయి. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నుంచి డీజే రోలాండో 'నైట్స్ ఆఫ్ ది జాగ్వార్', 1999. ఇది మాత్రం తప్పకుండా కొను, ఆ తీగల వాద్యం మొదలయ్యే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మూడోది నీ లిస్టులో లేదు, అరిల్ బ్రిఖా 'గ్రూవ్ లా కార్డ్', 1998. టెహ్రాన్‌లో పుట్టి స్వీడన్‌లో పెరిగిన మనిషి, డెట్రాయిట్‌లో ట్రాన్స్‌మాట్ వాళ్ల ఉప లేబుల్ మీద ఇది వచ్చింది. మనవాళ్లు ఈ సంగీతం వినేవాళ్లు ఎవరూ లేరని నువ్వు రాశావు చూడు, ఆ ముక్క చదివినప్పుడు ఇతనే గుర్తొచ్చాడు. నేను 1996లో ఇక్కడికి కార్ల కంపెనీ ఉద్యోగానికి వచ్చాను, 2000లో హార్ట్ ప్లాజాలో మొదటి ఎలక్ట్రానిక్ ఫెస్టివల్ పెట్టినప్పుడు టికెట్ లేకుండా, ఎవరూ పరిచయం లేకుండా, ఆఫీసు షర్టుతోనే వెళ్లి నది ఒడ్డున రాత్రిదాకా నిలబడ్డాను. ఏ ఊరు నీది అని ఒక్కరు కూడా అడగలేదు.

డెట్రాయిట్ జోడీ డ్రెక్సియాని మాత్రం విడిగా పెట్టుకో. ఇది నాలుగు దెబ్బల సూటి నడక కాదు, ఎలక్ట్రో, విరిగి విరిగి నడుస్తుంది. బానిసల ఓడల మీదినుంచి సముద్రంలోకి తోసేసిన గర్భిణుల పిల్లలు నీళ్లలోనే ఊపిరి పీల్చుకుంటూ ఒక రాజ్యం కట్టుకున్నారని వాళ్లు అల్లిన కథ, ఆ కథ తెలిశాక ఆ శబ్దం వేరేగా వినిపిస్తుంది. 1999లో వచ్చిన 'నెప్ట్యూన్స్ లెయిర్' తో మొదలుపెట్టు. ఆ జోడీలో ఒకడైన జేమ్స్ స్టిన్సన్ 2002లో చనిపోయాడు, కానీ రికార్డులు మళ్లీ మళ్లీ ప్రెస్ అవుతూనే ఉన్నాయి. మిక్స్ చెయ్యడానికి కష్టం, ఆరు నెలల తర్వాత ప్రయత్నించు.

కొత్తవాటిలో నేను నిజంగా వాడుతున్నవి మాత్రమే చెప్తాను. సర్జన్ 'క్రాష్ రికాయిల్', 2023, ట్రెజార్. రాబర్ట్ హుడ్ 'మిర్రర్ మ్యాన్', 2020, అంటే పాతికేళ్లు దాటాక కూడా చెయ్యి సడలలేదు. స్కీ మాస్క్ 'కాంప్రో', 2018, ఇది ఇంట్లో వినడానికి ఎంత బాగుంటుందో సెట్‌లో కుదిర్చడం అంత కష్టం. అన్నిటికంటే నీకు ఉపయోగపడేది బార్కర్ 'డీబయాసింగ్', 2018. అతను కిక్ తీసేసి టెక్నో చేశాడు. అంటే నీ దగ్గరున్న ఏ వంత మీదైనా దీన్ని పరిచేయొచ్చు, కిందది నడుస్తుంది, పైది ఎగురుతుంది. కొత్తవి ఇంకా బోలెడు వస్తున్నాయి, వారానికోసారి షాపుకి వెళ్లి కొత్తగా వచ్చిన అరలో నువ్వే వెతుక్కో, నా చెవి మీద ఆధారపడొద్దు.

షాపులో వినేటప్పుడు అందరూ 'ఎ' సైడు మొదటి ట్రాక్ విని పెట్టేస్తారు. నువ్వు 'బి' సైడు రెండోది విను. వంతలు ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి. కాకపోతే అది లేబుల్‌కి దగ్గరగా ఉంటుంది, లోపలి గాడిలో వేగం తక్కువ కాబట్టి హైహ్యాట్ కొంచెం మొద్దుబారినట్టు వినిపిస్తుంది, అది గుర్తుపెట్టుకుని విను. మొదలు, మధ్య, చివర మూడు చోట్ల నీడిల్ పెట్టు. చివరి నిమిషంన్నర దరువు మాత్రమే మిగులుతుందా లేక పాట గబుక్కున ఆగిపోతుందా చూడు. కొనేముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకో, ఇంట్లో ఉన్న ఏ రికార్డు తర్వాత ఇది వేస్తాను? జవాబు వెంటనే రాకపోతే అరలో పెట్టేసి వచ్చెయ్యి.

మొదటి ప్రెస్సింగ్ మోజులో పడకు. ఒకసారి నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర చాలా బాగుంది అని రాసిన ఒరిజినల్‌ని మామూలు రికార్డులు పది వచ్చే డబ్బు పెట్టి కొన్నాను, వచ్చాక చూస్తే నడుమ అడ్డంగా గీత, సరిగ్గా దరువు ఆగే బ్రేక్‌డౌన్ దగ్గర నీడిల్ దాటేస్తుంది. తిరిగి తీసుకోలేదు. రెండేళ్ల తర్వాత అదే రికార్డు రీప్రెస్ వచ్చింది, మాస్టరింగ్ కూడా దానికంటే బాగుంది. డ్యాన్స్ చేసేవాళ్లకి వినిపించేది శబ్దం, ఏ సంవత్సరం ప్రెస్సింగో కాదు.

నీ టర్న్‌టేబుళ్లు టెక్నిక్స్ ఎంకే2 అన్నావు, మంచివి. పిచ్ పైకీ కిందకీ ఎనిమిది శాతం పోతుంది. అందులో సున్నా దగ్గర చిన్న క్లిక్ ఉంటుంది, ఆ చుట్టుపక్కల సన్నటి మార్పులు సరిగ్గా పట్టవు, అందుకని సాధన అయ్యాక రెండు రికార్డుల్నీ సున్నాకి కొంచెం దూరంగా, ఒకటి ఒకటిన్నర శాతం పైన నడుపు. ఇంకొకటి: ఇది వినైల్, వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది, ఆరు శాతం పెంచితే దాదాపు అర స్వరం పైకి పోతుంది. నువ్వు సంగీతం నేర్చుకున్నదానివే కదా, ఏ రెండు పాటలు శ్రుతి తప్పి గొడవపడుతున్నాయో నీ చెవికి తెలుస్తుంది, ఆ చెవిని నమ్ము. ప్రతి కవరు మీదా చిన్న స్టిక్కర్ అంటించి బీట్ వేగం, పెన్సిల్‌తో వంతో కథకుడో రాసుకో.

నీడిల్ మార్చు. సెకండ్‌హ్యాండ్ ప్లేయర్‌తో వచ్చినది ఎన్నేళ్లు తిరిగిందో ఎవరికీ తెలియదు, అరిగిన నీడిల్ కొత్త గాళ్లని చెక్కేస్తుంది. డీజే కార్ట్రిడ్జ్‌కి మూడు నాలుగు గ్రాముల బరువు చాలు, అట్ట మీద రాసిన అంకె చూసి పెట్టు. రికార్డులు నిలువుగా పెట్టు, ఒకదానిమీద ఒకటి పేర్చకు. ఒక జూలై మధ్యాహ్నం కారులో రెండు గంటలు వదిలేసి నేను ఐదు రికార్డులు పోగొట్టుకున్నాను, అందులో రెండు మళ్లీ దొరకలేదు. మే నెలలో హైదరాబాద్ తీసుకెళ్లాలనుకుంటే మాత్రం సూట్‌కేసులో వద్దు, చేతి సంచిలో పెట్టుకో.

డిసెంబర్‌లో మీ అమ్మ దగ్గరికి వస్తున్నావుగా, నేనూ ఆ రెండు వారాలు వస్తున్నాను. 'మినిమల్ నేషన్' నా దగ్గర రెండు కాపీలున్నాయి, ఒకటి నీకు తెస్తాను, అది కొనకు. ఈలోగా నీ లిస్టులోంచి పది కొట్టేసి, వాటి బదులు ఏ వంతలు ఎంచుకున్నావో రాసి పంపు. దాంతోపాటు ఒక అరగంట మిక్స్ కూడా పంపు, ఎడిట్ చెయ్యకుండా, తప్పిన చోట నిమిషం రాసిపెట్టి.

మీ మావయ్య